తొలి తరం వీడియో గేమ్ కన్సోల్ కొనాలంటే ఏది తీసుకోవాలి?

పాత కన్సోల్ ఏది కొనమంటారని అడిగే ప్రతివాళ్ళనీ నేను ముందు ఒకటే అడుగుతాను: మీ పక్కన కూర్చుని ఆడే మనిషి ఉన్నారా? ప్రాసెసర్ వేగం, రంగులు, గేముల సంఖ్య వంటి లెక్కలన్నీ ఆ తర్వాతే. 1972 నుంచి 1977 దాకా వచ్చిన యంత్రాల్లో చాలావాటికి ఎదుటి ఆటగాడిగా ఆడే తెలివి లేదు. ఇద్దరు మనుషులు కూర్చుంటేనే అక్కడ ఆట. 1980 దాటాక ఒక్కరే గంటలకొద్దీ ఆడుకునే గేములు ఎక్కువయ్యాయి. ఈ తేడా తెలియక కొనుక్కుని, ఒక్కరే పది నిమిషాలు ఆడి, అటక మీద పెట్టేసినవాళ్ళు నాకు తెలుసు. యంత్రంలో లోపమేమీ లేదు, పక్కన మనిషి లేరంతే.

రెండో ప్రశ్న మీ ఇంట్లో టీవీ గురించి, కరెంటు గురించి. దాన్ని కింద విడిగా రాశాను. ఆ భాగం చదవకుండా మాత్రం డబ్బు కట్టకండి.

ఒడిస్సీ, పాంగ్: ఇద్దరుంటేనే

ఇంట్లో టీవీకి తగిలించి ఆడుకునే మొట్టమొదటి కన్సోల్ మ్యాగ్నవాక్స్ ఒడిస్సీ. చాలామంది అటారీ అనుకుంటారు. దీని వెనక ఉన్న మనిషి రాల్ఫ్ బేర్. జర్మనీలో పుట్టి, చిన్నతనంలోనే కుటుంబంతో అమెరికా చేరాడు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని శాండర్స్ అసోసియేట్స్ అనే రక్షణరంగ ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఇంజనీరు. టీవీ మీద ఆటలాడుకోవచ్చన్న ఆలోచనను 1966 సెప్టెంబరు 1న నాలుగు పేజీల్లో రాసిపెట్టాడు. బిల్ హారిసన్, బిల్ రష్ అనే ఇద్దరు సహోద్యోగులతో కలిసి దాన్ని నమూనా యంత్రం దాకా తెచ్చాడు. చెక్కలాంటి గోధుమరంగు కాగితం అంటించి ఉండటంతో దానికి బ్రౌన్ బాక్స్ అన్న పేరు నిలిచింది. మ్యాగ్నవాక్స్ కంపెనీ లైసెన్సు తీసుకుని 1972 సెప్టెంబరులో దాదాపు 100 డాలర్లకు అమ్మకానికి పెట్టింది.

ఆన్ చేస్తే తెర మీద మూడు తెల్లటి చుక్కలు, ఒక నిలువు గీత కనిపిస్తాయి. శబ్దం లేదు, రంగు లేదు, స్కోరు లేదు. లోపల ప్రాసెసరూ లేదు, మెమరీ చిప్పూ లేదు. ట్రాన్సిస్టర్లు, డయోడ్లతో కట్టిన సర్క్యూట్ అంతే. రంగుల కోసం టీవీ అద్దానికి అంటించే ప్లాస్టిక్ షీట్లు ఇచ్చారు. పెట్టెలో పాచికలు, కార్డులు, ఆట డబ్బు కూడా ఉండేవి. మనం అష్టాచెమ్మా ఆడేటప్పుడు గవ్వలు లెక్కపెట్టేది మనమే, తొండి చేస్తే పట్టుకునేదీ మనమే. ఒడిస్సీ కూడా అలాంటిదే: సగం ఆట తెర మీద, సగం మనుషుల మధ్య. నాకు ఈ యంత్రం మీద చాలా గౌరవం. వీడియో గేమ్ అంటే ఏమిటో ఎవరికీ తెలియని రోజుల్లో, ఇంట్లో ఉన్న ఆటలనే టీవీ దగ్గరికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

అయినా ఆడుకోవడానికి దీన్ని కొనొద్దనే చెబుతాను. షీట్లు ఆనాటి టీవీల సైజులకు చేసినవి, ఇప్పుడు మీ దగ్గరున్న టీవీకి సరిపోవు. షీట్లు, కార్డులు పోయిన పెట్టె సగం వస్తువే. పూర్తి సెట్టు దొరికితే అది దాచుకునేవాళ్ళకు. మిగతావాళ్ళు చూసి సంతోషించాల్సిందే. బేర్ స్వయంగా చేసిన బ్రౌన్ బాక్స్ వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియం సేకరణలో ఉంది.

అదే కాలపు రుచి తక్కువ ఖర్చులో కావాలంటే పాంగ్ తరహా సెట్టు తీసుకోండి. అటారీ స్థాపకుల్లో ఒకడైన నోలన్ బుష్నెల్ 1972 మే నెలలో ఒడిస్సీ ప్రదర్శన చూశాడు. ఆ తర్వాత కొత్తగా చేరిన ఇంజనీరు ఆల్ ఆల్కార్న్‌కు టేబుల్ టెన్నిస్‌లాంటి ఆట చెయ్యమని పని అప్పగించాడు. అదే పాంగ్. మొదటి యంత్రాన్ని కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఒక బార్‌లో పెట్టారు. కొద్ది రోజులకు అది ఆగిపోయిందని ఫోన్ వస్తే ఆల్కార్న్ వెళ్ళి తెరిచి చూశాడు. లోపల నాణేల డబ్బా నిండిపోయి ఉంది. సన్నీవేల్‌లో ఉండే మన తెలుగువాళ్ళకు ఆ చోటు దగ్గరే, ఎల్ కమీనో రియల్ రోడ్డు మీద ఉంది. ఇప్పుడు అక్కడ కామెడీ క్లబ్బు నడుస్తోంది.

ఇంటి పాంగ్ 1975లో సియర్స్ దుకాణాల ద్వారా వచ్చింది. మరుసటి ఏడాది జనరల్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీ ఆట మొత్తాన్నీ ఒక్క చిప్పులో పెట్టి ఎవరికి కావాలంటే వాళ్ళకు అమ్మింది. ఏవై-3-8500 దాని పేరు. దాంతో కొలెకో టెల్‌స్టార్ మొదలుకొని అమెరికా, యూరప్‌లలో లెక్కలేనన్ని కంపెనీలు ఒకే ఆటను రకరకాల పెట్టెల్లో అమ్మాయి. అందుకే ఇవి ఇప్పటికీ సులువుగా దొరుకుతాయి. చాలావరకు బ్యాటరీలతో నడుస్తాయి కాబట్టి కరెంటు టెన్షన్ లేదు. చూసుకోవాల్సింది ఒక్కటే: నాబ్ తిప్పినప్పుడు తెర మీద బ్యాటు వణుకుతుంటే లోపల దుమ్ము పట్టిందని అర్థం. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొడితే చాలాసార్లు బాగవుతుంది. ఒక్క ఆటేగా అని తేలిగ్గా తీసుకోకండి. పదేళ్ళ పిల్లా, డెబ్భై ఏళ్ళ తాతగారూ ఎవరూ నేర్పకుండానే సమానంగా ఆడగల యంత్రం ఇన్నేళ్ళలో నాకు మరొకటి కనిపించలేదు.

క్యాసెట్ మార్చే రోజులు: ఛానల్ ఎఫ్

మన ఇళ్ళలో క్యాసెట్ అంటాం, అమెరికాలో కార్ట్రిడ్జ్ అన్నారు. గేమును విడిగా ఒక చిప్పులో పెట్టి, ఆ చిప్పును ప్లాస్టిక్ డబ్బాలో బిగించి, పిల్లలు వందలసార్లు పెట్టి తీసినా పాడవకుండా చెయ్యడం అప్పట్లో పెద్ద ఇంజనీరింగ్ సమస్య. దాన్ని అమ్మకానికి వచ్చిన వస్తువుగా మొదట సాధించింది ఫెయిర్‌చైల్డ్ ఛానల్ ఎఫ్. 1976 నవంబరులో, 169.95 డాలర్లకు వచ్చింది. ఆల్పెక్స్ అనే చిన్న కంపెనీలో వాలెస్ కర్షనర్, లారెన్స్ హాస్కెల్ అనే ఇద్దరు చేసిన నమూనాను ఫెయిర్‌చైల్డ్‌లో జెర్రీ లాసన్ బృందం పూర్తి యంత్రంగా మలిచింది. అప్పటి సిలికాన్ వ్యాలీలో నల్లజాతి ఇంజనీర్లు చాలా తక్కువ. లాసన్ వాళ్ళలో ఒకరు. దశాబ్దాలపాటు ఆయన పేరు ఎవరికీ పట్టలేదు. 2011 మార్చిలో గేమ్ డెవలపర్ల సంఘం ఆయన్ను సన్మానించింది. మరుసటి నెలలోనే ఆయన పోయారు. నేను ఎవరికి ఈ చరిత్ర చెప్పినా ఆ పేరు ముందు చెబుతాను.

ఆటను మధ్యలో ఆపి మళ్ళీ కొనసాగించే హోల్డ్ బటన్ ఇందులో ఉంది. చేతి కర్రను నెట్టొచ్చు, లాగొచ్చు, నొక్కొచ్చు, మెలిపెట్టొచ్చు కూడా. ఆడటానికి ఎలా ఉంటుందంటే, లోపలే ఉన్న హాకీ, టెన్నిస్ ఇద్దరికి చక్కగా ఉంటాయి. క్యాసెట్లు మూడు పదులకు లోపే, వాటిలో మళ్ళీ మళ్ళీ ఆడాలనిపించేవి కొన్నే. మొదటి మోడల్లో కంట్రోలర్ల తీగలు పెట్టెలోకే అతికించి ఉంటాయి కాబట్టి ఒకటి చెడితే పెట్టె విప్పాలి. చరిత్ర మీద ఇష్టంతో రెండో కన్సోల్‌గా కొనేవాళ్ళకు ఇది సరైనది.

అటారీ వీసీఎస్: ఒక్కటే కొనేటట్టయితే ఇదే

1977 సెప్టెంబరులో వచ్చిన అటారీ వీడియో కంప్యూటర్ సిస్టమ్‌కు తర్వాత 2600 అన్న పేరు స్థిరపడింది. అధికారికంగా 1992 మొదట్లో ఆపేసేదాకా అమ్ముడుపోతూనే ఉంది. దాదాపు 3 కోట్ల యంత్రాలు. అందువల్ల దొరకడం తేలిక, రిపేరు తెలిసినవాళ్ళు ఎక్కువ, క్యాసెట్లు చవక. అయితే నేను దీన్ని ముందు పెట్టడానికి కారణం అది కాదు.

దీనిలో ఉన్న ర్యామ్ 128 బైట్లు. ఫోన్లలో, వెబ్‌లో మనం వాడే యూటీఎఫ్-8 అనే యూనికోడ్ పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షర గుర్తుకు 3 బైట్లు కావాలి. ఒత్తులు, గుణింతాలు విడిగా లెక్క. అంటే ఒక కంద పద్యంలో రెండు పాదాలు కూడా ఈ యంత్రం జ్ఞాపకంలో పట్టవు. తెర బొమ్మను దాచుకునే చోటు అసలే లేదు. టీవీలో ఎలక్ట్రాన్ కిరణం ఎడమ నుంచి కుడికి ఒక్కో గీత గీస్తూ కిందికి దిగుతుంటే, ఆ గీత మీద ఇప్పుడు ఏం కనపడాలో ప్రోగ్రామ్ అప్పటికప్పుడు చెప్పాలి. ఒక్కో గీతకు దొరికే సమయం ప్రాసెసర్ లెక్కలో 76 అడుగులు. జే మైనర్ ఆధ్వర్యంలో చేసిన టీఐఏ అనే చిప్పు కదిలే వస్తువులు ఐదింటినే చూపగలదు: ఇద్దరు ఆటగాళ్ళు, వాళ్ళు పేల్చే రెండు గుండ్లు, ఒక బంతి. పాంగ్, ట్యాంకు యుద్ధం ఆడటానికి అంతకంటే అక్కర్లేదని వాళ్ళ అంచనా.

ఆ ఐదు వస్తువుల యంత్రం మీద తర్వాతి పదేళ్ళలో జనం ఏమేం చేశారో చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ఒక గీత దాటగానే అదే వస్తువును మరో చోట మళ్ళీ వాడుకుంటూ స్పేస్ ఇన్‌వేడర్స్ సైన్యాన్ని నిలబెట్టారు. 1980లో వచ్చిన ఆ గేము కోసమే చాలామంది ఈ కన్సోల్ కొన్నారు. వారెన్ రాబినెట్ చేసిన అడ్వెంచర్‌లో కోటలు, డ్రాగన్లు, తెర తర్వాత తెర ఉన్నాయి. గేము చేసినవాళ్ళ పేర్లు అటారీ ఎక్కడా వేసేది కాదు. అందుకని ఆయన తన పేరు ఒక రహస్య గదిలో దాచిపెట్టాడు. అదే అసంతృప్తితో డేవిడ్ క్రేన్, అలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్, లారీ కాప్లన్ బయటికొచ్చి, జిమ్ లెవీతో కలిసి 1979లో యాక్టివిజన్ పెట్టారు. వేరేవాళ్ళ కన్సోల్‌కు గేములు మాత్రమే చేసి అమ్మిన తొలి కంపెనీ అది. వాళ్ళ పిట్‌ఫాల్ ఒక్కరే ఆడటానికి నేను మొదట చెప్పే పేరు. 1982లో వచ్చిన ప్యాక్‌మ్యాన్ మాత్రం కొనేముందు ఒకసారి వీడియో చూడండి. నాలుగు దయ్యాలు వంతులవారీగా మినుకుమినుకుమంటూ కనిపిస్తాయి. యంత్రం హద్దు ఎక్కడుందో కళ్ళకు కట్టే గేము అది, సరదాకు మాత్రం రెండోవరసే.

ఇద్దరుంటే ట్యాంకుల యుద్ధం ఆట కంబాట్, ఒక్కరే ఉంటే పిట్‌ఫాల్, అడ్వెంచర్. నేను మొదట అడిగిన ప్రశ్నకు రెండువైపులా జవాబు చెప్పగలదు కాబట్టే దీనికి ఓటు వేస్తున్నాను. ముందువైపు ఆరు స్విచ్చులున్న తొలి మోడళ్ళకు ధర ఎక్కువ, నాలుగు స్విచ్చులదీ అవే గేములు ఆడుతుంది. చెక్క రంగు ముఖం ఉన్న నాలుగు స్విచ్చుల మోడల్ చాలు.

ఇంటెలివిజన్, కొలెకోవిజన్, వెక్ట్రెక్స్

బొమ్మల కంపెనీ మ్యాటెల్ తెచ్చిన ఇంటెలివిజన్ 1980లో అమెరికా అంతటా వచ్చింది. ప్రాసెసర్ 16 బిట్లది. అటారీ కంటే బొమ్మ నిండుగా ఉంటుంది, క్రీడల గేములు నిజంగా ఆ క్రీడల్లానే ఉంటాయి. చిక్కంతా చేతిలో పట్టుకునే కంట్రోలర్‌తోనే. కింద గుండ్రటి బిళ్ళ, పైన ఫోనులా 12 బటన్లు, పక్కల మళ్ళీ బటన్లు. ప్రతి గేముకూ బటన్ల మీద జొనిపే ప్లాస్టిక్ షీటు ఉంటుంది. అది పోతే ఏ బటన్ ఏమిటో తెలియదు. పేరుపడ్డ బేస్‌బాల్ గేము ఇద్దరు లేనిదే మొదలే కాదు. ఓపికగా నేర్చుకునే జోడీ ఉంటే ఇది అటారీని మించుతుంది. మా ఇంట్లోలా వచ్చినవాళ్ళ చేతికి కంట్రోలర్ ఇచ్చి ఆడమనేటట్టయితే పనికిరాదు.

1982 ఆగస్టులో వచ్చిన కొలెకోవిజన్‌తో పెట్టెలోనే డాంకీ కాంగ్ ఇచ్చారు. అప్పట్లో బయట నాణేలు వేసి ఆడే ఆర్కేడ్ యంత్రాల బొమ్మకు ఇంట్లో అంత దగ్గరగా మరేదీ లేదు. ఒక్కరే ఆడేవాళ్ళకు మంచి ఎంపిక. విడిగా అమ్మిన ఒక అడాప్టర్ తగిలిస్తే అటారీ క్యాసెట్లు కూడా ఆడుతుంది. పవర్ స్విచ్ చెడటం దీని పాత జబ్బు, ఆన్ చేసిన వీడియో చూడకుండా కొనకండి.

వెక్ట్రెక్స్ సంగతి వేరు. 1982 చివర్లో వచ్చింది, 199 డాలర్లు. తొమ్మిది అంగుళాల తెర దానిలోనే ఉంటుంది. చుక్కలతో కాకుండా, కిరణమే నేరుగా గీతలు గీస్తుంది. చీకటి గదిలో ఆ తెల్లటి గీతలు వెలుగుతుంటే మరే కన్సోల్‌లోనూ కనపడని అందం. ఎమ్యులేటర్లో (పాత కన్సోల్‌ను కంప్యూటర్లో అనుకరించే ప్రోగ్రామ్), కొత్త టీవీలో ఆ వెలుగు రాదు. మైన్‌స్టార్మ్ గేము లోపలే ఉంటుంది, క్యాసెట్ కూడా అక్కర్లేదు. ఒక్కరే ఆడుకునేవాళ్ళు, డబ్బుకు వెనుకాడనివాళ్ళు, దీన్నే తీసుకోండి. పిక్చర్ ట్యూబు ఉంది కాబట్టి కొరియర్‌లో తెప్పించకండి. చేత్తో తెచ్చుకోవాలి.

మనకు వీడియో గేమ్ అంటే పసుపు క్యాసెట్

1983లో అమెరికా మార్కెట్ కుప్పకూలింది. నాసిరకం గేములు గుట్టలుగా వచ్చి పడ్డాయి, అమ్ముడుపోని క్యాసెట్లను న్యూ మెక్సికోలోని అలమొగోర్డో చెత్తకుప్పలో పూడ్చారు. అదే ఏడాది జులై 15న జపాన్‌లో నింటెండో ఫ్యామికామ్ వచ్చింది. మసయుకి ఉయెమురా రూపకల్పన, ధర 14,800 యెన్లు. దానికి నకళ్ళు ఆసియా అంతా పాకాయి. 90లలో మన ఊళ్ళలో వేసవి సెలవులకు కొనిచ్చిన సెట్లు ఆ నకళ్ళే. పసుపు క్యాసెట్టు, బాతులు కొట్టే తుపాకీ, కాంట్రా, మారియో అన్నీ అక్కడివే. క్యాసెట్ తీసి ఊది పెట్టని ఇల్లు లేదు. ఊదితే నోటి తడి తగిలి పిన్నులకు తుప్పు పడుతుంది. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి.

మీరు వెతుకుతున్నది ఆ బాల్యమే అయితే పైన చెప్పిన అటారీ, ఒడిస్సీల జోలికి పోవద్దు, నిరాశ పడతారు. జపాన్ ఫ్యామికామ్ తీసుకోండి. మన పాత పసుపు క్యాసెట్లూ 60 పిన్నులవే, అందులో పడతాయి. 1993లో వచ్చిన మోడల్‌కు ఏవీ (ఆడియో-వీడియో) అవుట్‌పుట్ ఉంది, అది మేలు. ఫ్యామికామ్‌కు అమెరికా రూపమైన ఎన్‌ఈఎస్‌కు 72 పిన్నులు, మన క్యాసెట్ నేరుగా పట్టదు. తుపాకీ కావాలంటే పాత డబ్బా టీవీ తప్పనిసరి, ఎల్‌ఈడీ టీవీ మీద అది గురి పట్టదు.

కరెంటు, టీవీ

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన అటారీ అడాప్టర్‌ను కన్వర్టర్ పిన్నుతో నేరుగా మన గోడకు పెట్టి కాల్చేసుకున్నాను. అది 110 వోల్టులది, మనది 230. ఆ పిన్ను ప్లగ్గు ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజిని తగ్గించదు. అప్పటినుంచి ఇది అందరికీ చెబుతున్నాను. అటారీ 2600కు కావాల్సింది 9 వోల్టుల డీసీ, 500 మిల్లీ ఆంపియర్లు, 3.5 మిల్లీమీటర్ల జాక్, మధ్య మొన పాజిటివ్. ఇది మన దగ్గరే కొనుక్కోవచ్చు. మొదటి ఇంటెలివిజన్‌లో, వెక్ట్రెక్స్‌లో ట్రాన్స్‌ఫార్మర్ లోపలే ఉంటుంది కాబట్టి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఎన్‌ఈఎస్ అడాప్టర్ ఏసీ ఇస్తుంది. దాన్ని డీసీతో నడిచే ఫ్యామికామ్‌కు పెడితే ఫ్యామికామ్ కాలిపోతుంది. ఫ్యామికామ్ అడాప్టర్‌లో మధ్య మొన నెగెటివ్, అది కూడా గుర్తుంచుకోండి.

టీవీ సంగతి. తొలి కన్సోళ్ళన్నీ ఏరియల్ పిన్నులోకే బొమ్మ పంపుతాయి. టీవీ సిగ్నల్ పద్ధతి దేశాన్ని బట్టి మారుతుంది: అమెరికా, జపాన్‌లది ఎన్‌టీఎస్‌సీ, మనది పాల్. ఏరియల్ ద్వారా పెడితే మన టీవీలో రంగు పోవచ్చు, శబ్దం రాకపోవచ్చు. ఏవీ అవుట్‌పుట్ పెట్టించుకుంటే ఇప్పటి టీవీలు చాలావరకు తీసుకుంటాయి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగాలు దొరుకుతాయి, టంకం పెట్టడం తెలిసినవాళ్ళెవరైనా ఆ పని చేస్తారు. యూరప్‌లో అమ్మిన అటారీ, పాంగ్ సెట్లు చాలావరకు పాల్ పద్ధతివే, కరెంటూ మనకు దగ్గరదే. బంధువులు అమెరికాలోనూ ఇంగ్లండ్‌లోనూ ఉంటే ఇంగ్లండ్ వాళ్ళనే అడగండి. వెక్ట్రెక్స్‌కు ఈ బాధే లేదు, టీవీ దానిదే.

ఇదంతా వద్దనుకునేవాళ్ళకు 2023లో వచ్చిన అటారీ 2600 ప్లస్ ఉంది. హెచ్‌డీఎంఐ తీగ, యూఎస్‌బీ కరెంటు, పాత క్యాసెట్లనే ఆడుతుంది. అద్దె ఇంట్లో ఉండేవాళ్ళకు, చిన్నపిల్లలున్నవాళ్ళకు పాతదాని కంటే ఇదే నయం. ఇంకా డబ్బు పెట్టాలో లేదో తేల్చుకోలేకపోతే కంప్యూటర్లో స్టెల్లా అనే ఉచిత ఎమ్యులేటర్ వేసుకుని ఒక వారం ఆడి చూడండి. కీబోర్డుతో మాత్రం వద్దు, చవక జాయ్‌స్టిక్ ఒకటి తెచ్చుకోండి.

అటారీయే కొన్నట్టయితే మొదటి సాయంత్రం కంబాట్ పెట్టండి. అందులో 27 రకాలున్నాయి. సెలెక్ట్ స్విచ్ నొక్కుతూ ఆరో నంబరు దగ్గర ఆగండి. ట్యాంకు పేల్చిన గుండు గోడలకు తగిలి తిరిగి వస్తుంది, మూల చాటున దాక్కున్నా వదలదు. ఒక్కో ఆట 2 నిమిషాల 16 సెకన్లు.